ఒంటరి ప్రోగ్రామర్ల తొలి కలయిక

జూన్ 3

కేటలాగు చక్రవర్తి, దుమ్ము వాసన చూసి పుస్తకం వయసు చెప్పగల దిట్ట అయిన మా బాబాయి గారి సముఖానికి,

పెద్ద లైబ్రరీ నేలమాళిగలో కొలువుదీరిన ఒకే ఒక్క ప్రోగ్రామరు, నీ అన్న కూతురు, గిలక అను నేను సవినయంగా మొరపెట్టుకునేది ఏమనగా: నేను క్షేమం. సర్వరుకి జ్వరం. ప్రింటరు పోయింది, లేచి కూర్చుంది, మళ్లీ పోయింది. పిన్ని మోకాలి నొప్పి గురించి నువ్వు రాస్తే నమ్మను, ఆవిడనే రాయమను.

ఈ ఉత్తరం ఎప్పటిలాగే గురువారం వ్యానులో, మీ లైబ్రరీకి మేం అప్పిస్తున్న పుస్తకాల సంచిలో కూర్చొని వస్తుంది. "ఈ కాలంలో ఉత్తరాలేంటే, ఫోను చెయ్యొచ్చుగా!" అని నాన్న ఒకటే నవ్వు. ఫోనులో నువ్వు "ఊఁ" తప్ప ఇంకో ముక్క మాట్లాడవని, కలం చేతికిస్తే మాత్రం నిన్ను ఆపడం ఎవరి తరమూ కాదని, సొంత అన్నయ్యై ఉండి కూడా ఆయనకి తెలీదు పాపం.

ఇక అసలు ఏడుపు. పోయిన నెలంతా కూర్చుని ఒక ప్రోగ్రాము రాశాను. కేటలాగులో రచయిత లేని, పేజీలు లేని, ఎవరో సగం రాసి వదిలేసిన ఖాళీ రికార్డులుంటాయి చూడు, నీకు చూడగానే ఒళ్లు మండేవి, వాటిని పట్టుకుని ఒక్క నొక్కుతో ఊడ్చేస్తుంది. రాయడం అయ్యాక కుర్చీలోంచి లేచి గిర్రున తిరిగాను. తిరిగి చూస్తే చెప్పుకోవడానికి మనిషి లేడు. పైకెళ్లి వాచ్‌మన్‌ని లాక్కొచ్చి చూపించాను. ఆయన తెర వైపు భక్తిగా చూసి, "బాగుందమ్మా. అదలా ఉంచి, మా గదిలో ఫ్యాను తిరగట్లేదు, కాస్త చూడు" అన్నాడు.

చూశాను బాబాయ్. బాగుచేశాను కూడా. అదీ నా బతుకు.

ఇలా ఉండగా ఒక కంపెనీ వాళ్లు పిలిచారు. పెద్ద జీతం, పై అంతస్తు, కిటికీ! జూలై ముప్పై ఒకటి లోపు అవునో కాదో చెప్పమన్నారు. నేను అటు వెళ్తే పుస్తకాలతో పని ఉండదు, వాళ్లు అమ్మేది బీమా. ఇక్కడే ఉంటే మాట్లాడే మనిషి ఉండడు. ఆలోచించి ఒక తీర్మానం చేసుకున్నాను. మన కేటలాగు కలిసి వాడే నాలుగు ఊళ్ల లైబ్రరీల్లోనూ నాలాగే ఏదో ఒక మూలగదిలో ఒక్కో ప్రాణి ఉండే ఉంటుంది. వాళ్లందరినీ ఒక్కసారి, ఒకే గదిలో కూర్చోబెడతాను. వస్తే ఉంటాను. రాకపోతే బీమా.

మా డైరెక్టరు గారు నోటీసు పంపడానికి కమిటీ అనుమతి కావాలన్నారు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందండీ అంటే, దానికి ఇంకో కమిటీ ఉందన్నారు. కాబట్టి నేనే ఒక ఉపాయం పన్నాను. అది నీకు చెబితే "ఠాఠ్, వీల్లేదు" అంటావు. అందుకే చెప్పను.

సంచి అడుగున చిన్న పెన్‌డ్రైవ్ పెట్టాను. అందులో ఉన్నది నా ప్రోగ్రామే. వాచ్‌మన్ తర్వాత నా రెండో ప్రేక్షకుడివి నువ్వే. వాడి చూడు.

ఇట్లు,
నేలమాళిగ మహారాణి,
గిలక

*

జూన్ 17

ఒసేయ్ గిలకా,

నీ ఉత్తరం అందింది. ఆ సంబోధన మీ పిన్నికి చదివి వినిపించాను. "చక్రవర్తిగారూ, చెత్తబుట్ట బయట పెట్టారా?" అంది. రాజ్యాలు ఇలాగే పోతాయి.

సంఘం పెడతానన్నావు. సంతోషం. నేనూ ఒకప్పుడు సిబ్బంది సంఘానికి కార్యదర్శిగా వెలగబెట్టిన వాడినే. అనుభవంతో చెప్తున్నాను, రాసుకో. ముందు అధ్యక్షుడెవరో తేల్చు. ఆ తర్వాత ఉపాధ్యక్షులు ఇద్దరు ఉండాలి, ఒక్కడే ఉంటే వాడు అధ్యక్షుడవుదామని చూస్తాడు. మా సంఘం అయిదు డిమాండ్లతో మొదలైంది. మీ డిమాండ్లేమిటో నువ్వు రాయలేదు. డిమాండ్లు లేకుండా మనుషుల్ని ఊరికే కూర్చోబెడితే ఏం మాట్లాడుకుంటారే?

ఇప్పుడు మంచి వార్త. నీ ప్రోగ్రాము వాడాను! నేనే, ఎవరి సాయమూ లేకుండా. మా అసిస్టెంటు "నేను చేస్తానండీ" అంటే, "మా అమ్మాయి రాసింది, నేనే నొక్కాలి" అని పక్కకి జరగమన్నాను. నొక్కాను. నాలుగు ఊళ్ల ఉమ్మడి కేటలాగులో ఏళ్ల తరబడి నా కంట్లో నలుసుల్లా ఉన్న ఖాళీ రికార్డులన్నీ ఒక్క దెబ్బకి మాయం. రచయిత లేనిది, పేజీలు సున్నా ఉన్నది ఒక్కటీ మిగల్లేదు. ఇల్లు అలికినట్టుంది అనుకో. కుర్చీలోంచి లేచి నేనూ నీలాగే గిర్రున తిరుగుదామనుకున్నాను, నడుము ఒప్పుకోలేదు.

చిన్నప్పుడు సెలవులకి మా ఇంటికొచ్చి, నా బల్ల కింద కూర్చుని కార్డులు వరసలో పెట్టిన పిల్లవి. ఇప్పుడు నా కేటలాగే శుభ్రం చేసిపెట్టావు. అంతకంటే ఏం కావాలి.

కంపెనీ సంగతి. వెళ్లు. కిటికీ ఉందంటున్నావుగా, వెళ్లు. నా మాట పట్టుకుని ఈ దుమ్ములో ఉండిపోవద్దు.

మీ పిన్ని మోకాలు బాగుందట. నేను నమ్మను.

ఆశీస్సులతో,
బాబాయి

*

జూన్ 30

బాబాయ్,

పోయిన రెండు గురువారాలూ వ్యాను రాలేదు. దారిలో ఎక్కడో ఆగిపోయిందట, సంచితో సహా మెకానిక్ షెడ్డులో ఉందట. నువ్వు రాసినవేమైనా ఉంటే గ్రీజు వాసనతో వస్తాయి. ఎల్లుండి వేరే వ్యాను వస్తుందన్నారు, దాంట్లో వేస్తున్నాను.

శనివారం నా సభ ఘనంగా జరిగింది. గదిలో పన్నెండు కుర్చీలు, రెండు పొట్లాల బిస్కెట్లు, అధ్యక్షురాలిగా నేను, ముఖ్య అతిథిగా నేను, ప్రేక్షకులుగా నేను. వందన సమర్పణ కూడా నాదే.

ఇక దాచి లాభం లేదు కాబట్టి నా ఉపాయం చెప్తాను, తర్వాత తీరిగ్గా తిట్టుకో. ప్రతి లైబ్రరీలోనూ పొద్దున్నే కొత్త పుస్తకాల జాబితా తెర మీద పడుతుంది కదా. దాన్ని అందరికంటే ముందు చూసేది నాలాంటి వాళ్లే, ఎందుకంటే అది పడకపోతే తిట్లు మాకే. కాబట్టి నా సభనే ఒక పుస్తకంగా కేటలాగులో ఎక్కించాను. పేరు: "ఒంటరి ప్రోగ్రామర్ల తొలి కలయిక: జూన్ 27, మధ్యాహ్నం మూడు గంటలు". రచయిత లేరు. పేజీలు సున్నా. దొరికే చోటు: పెద్ద లైబ్రరీ నేలమాళిగ. రావాలనుకున్న వాళ్లు ఆ పుస్తకాన్ని రిజర్వు చేసుకుంటారు, నాకు లెక్క తెలుస్తుంది. తెలివంటే ఇదీ అని నాకు నేనే చెయ్యి కలుపుకున్నాను.

బాబాయ్, ఏడుగురు రిజర్వు చేశారు! ఏడుగురు! రోజూ పొద్దున్నే వచ్చి, ఫ్యాను కూడా వేసుకోకుండా ముందు అదే చూసుకునేదాన్ని. ఆ పేర్లు నాకు తెలీవు, కార్డు నంబర్లే కనపడతాయి. అయినా ఆ నంబర్లు చూస్తే చుట్టాలొచ్చినట్టుండేది.

సభకి పది రోజుల ముందు, ఒకే రోజు, ఏడూ రద్దు. ఎవరికీ అక్కర్లేని తాత్కాలిక రికార్డు దానంతట అదే పోతుంది కాబట్టి అదీ పోయింది. ఎవరు ఏం చేశారో చూసే అధికారం నాకు లేదు. ఫ్యాన్లు బాగుచేసే అధికారం మాత్రం సంపూర్ణంగా ఉంది. ఏడుగురు ఒకే రోజు కూడబలుక్కున్నట్టు మానేశారంటే ఒకటే అర్థం. వాళ్లకి ఇప్పటికే ఒక సంఘం ఉంది. నేను లేని సంఘం.

అయినా కుర్చీలు వేశాను. మూడున్నరకి ఒకావిడ వచ్చింది, ఏదో కాలేజీ లైబ్రరీలో పనట, తెర మీద జాబితాలో తేదీ చూసి రిజర్వు చెయ్యకుండానే వచ్చేసిందట. హ్యాండ్‌బ్యాగులోంచి చీపురు ముక్కలా విరిగిన బార్‌కోడు స్కానరు తీసి బల్ల మీద పెట్టి, "ఇది ప్రతి పుస్తకాన్నీ రెండుసార్లు చదువుతోందండీ. మా పిల్లలందరూ ఒక్క పుస్తకం తీసుకుని రెండు బాకీ ఉన్నారు. మీకేమైనా తెలుసా?" అంది. ఆవిడ ఫోను పగిలిపోయి మూడు వారాలైందట, సందేశాలేవీ చూడలేదట. లేకపోతే ఆ సంఘం వాళ్లు ఆవిడనీ మాన్పించేవాళ్లేమో. ఇద్దరం స్కానరు విప్పాం. బిస్కెట్లు తిన్నాం. అయిదింటికి బస్సని వెళ్లిపోయింది. ఒక్క మనిషిని పట్టుకుని సభ అనలేను కదా.

కంపెనీకి అవునని రాద్దామనుకుంటున్నాను. నువ్వొక్కసారి వద్దని గదమాయిస్తావని లోపల చిన్న ఆశ. నాకు ఈ లైబ్రరీ పిచ్చి అంటించిందే నువ్వు.

గిలక

*

జూలై 9

బాబాయ్,

వ్యాను డ్రైవరు పైన టీ తాగుతున్నాడు, ఆ కప్పు ఖాళీ అయ్యేలోపు రాస్తున్నాను.

ఇవాళ మెకానిక్ షెడ్డు సంచి వచ్చింది. జూన్ పదిహేడు నాటి నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. రచయిత లేనిది, పేజీలు సున్నా ఉన్నది ఒక్కటీ మిగల్లేదన్నావు. చదివి కింద కూర్చున్నాను, కుర్చీ ఉండగానే.

నన్ను ఊడ్చేసింది నా చీపురే! కత్తి నాది, చెయ్యి నీది. ఆ ఏడుగురూ పాపం ఏమీ రద్దు చేసుకోలేదు. వాళ్లకి "మీరు రిజర్వు చేసిన పుస్తకం రద్దయింది" అని సందేశం వెళ్లి ఉంటుంది. ఎవత్తో పిలిచి మళ్లీ వద్దంది అనుకుని ఉంటారు. నేను వాళ్లని తిట్టుకున్నాను, వాళ్లు నన్ను తిట్టుకున్నారు. నువ్వేమో నడుము పట్టుకుని గిర్రున తిరుగుదామనుకున్నావు.

దానికి నాకు కోపం లేదు. నవ్వొచ్చింది కూడా, కాసేపాగాక. కానీ "వెళ్లు" అన్నావు చూడు, అది రెండుసార్లు చదివాను. ముప్పై తారీఖు ఉత్తరం నీకు అంది వారమైంది, దానికీ జవాబు లేదు. నీ కేటలాగులో లేని పుస్తకం పెట్టి పాడు చేశానని కోపమా? లేక నేను ఈ లైబ్రరీలకి పనికిరానని నీకు ముందే తెలుసా? తెలిస్తే బల్ల కిందే చెప్పేసి ఉండాల్సింది. అప్పుడైతే చాక్లెట్టు ఇస్తే ఏడుపు ఆగేది.

కప్పు కింద పెట్టిన చప్పుడైంది.

గి.

*

జూలై 15

అమ్మడూ,

గిలక అని రాయడానికి చెయ్యి రాలేదు. రెండో తారీఖున నీ ఉత్తరం చదివినప్పుడే నాకు అర్థమైంది, ఊడ్చింది నేనేనని. అప్పటి నుంచి నాలుగు ఉత్తరాలు మొదలుపెట్టాను. ఒక్కటీ రెండో వాక్యం దాటలేదు. కలం ఇస్తే ఆగనన్నావు, చూశావా, ఆగాను.

నువ్వు పనికిరావని నేనెందుకనుకుంటానే? పనికొస్తావనే వెళ్లమన్నాను. "మా తమ్ముడు దీన్ని దుమ్ములోకి లాగాడు" అని మీ నాన్న ఎప్పుడూ అనలేదు. అంటాడేమోనని నేనే రోజూ అనుకుంటాను. నువ్వేమో కిటికీ గురించి అంత మురిపెంగా రాశావు. వద్దని ఏ మొహంతో చెప్పను? అందుకని ముందే వెళ్లమనేశాను, పని అయిపోతుందని. అదీ నా తెలివి. మన ఇంట్లో తెలివి అందరికీ సమానంగా పంచారు.

ఇక రికార్డు సంగతి. దాన్ని తిరిగి పెట్టేద్దామని కూర్చున్నాను. కుదరలేదు. లేని పుస్తకానికి రికార్డు రాయకూడదు. ఇన్నేళ్లలో నేనొక్కటీ రాయలేదు, నీ కోసమైనా రాయలేను. తిట్టుకో. ఆదివారమంతా కిటికీ దగ్గర కూర్చున్నాను. మీ పిన్ని వచ్చి "ఏంటి, మళ్లీ రాజ్యం పోయిందా?" అంది. జరిగింది చెప్పాను. అంతా విని, "మరి ఆ స్కానరావిడ వచ్చిందిగా? అది సభ కాదా?" అంది.

అప్పుడు తట్టింది. నువ్వు చేసిన తప్పు ఏమిటంటే, దాన్ని పుస్తకంగా రాయడం. పుస్తకమంటే మొత్తం ఒకేసారి చేతికి రావాలి. పత్రికకి అలా కాదు. మొదటి సంచిక ఒక్కటి వెలువడితే చాలు, నియమం ప్రకారం రికార్డు రాయవచ్చు. మొదటి సంచిక వెలువడిందా? వెలువడింది. ఇద్దరు మనుషులు, విరిగిన స్కానరు, బిస్కెట్లు. పలచటి సంచికే, కాదనను. కానీ సంచికే. నేను ఇంతకంటే పలచటివి ఎక్కించాను.

కాబట్టి సోమవారం నా చేతులతో ఇలా రాశాను. పేరు నువ్వు పెట్టిందే, "తొలి" మాత్రం తీసేశాను, రెండోది వస్తుంది కాబట్టి. ఎన్నాళ్లకొకసారి: నెలకి ఒకసారి. తర్వాతి సంచిక: జూలై 25, మధ్యాహ్నం మూడు గంటలు. దొరికే చోటు: పెద్ద లైబ్రరీ నేలమాళిగ. నీ చీపురు పత్రికల జోలికి రాదని రెండుసార్లు సరిచూశాను. ఆ ఏడు నంబర్లకీ పాత పుస్తకం బదులు ఈ పత్రిక వస్తుందని సందేశం పంపించాను. అదీ నియమం ప్రకారమే.

మీ డైరెక్టరు అడిగితే నా దగ్గరకి పంపు. పత్రికలు తెప్పించడానికి కమిటీ అక్కర్లేదు.

డిమాండ్ల గురించి ఆలోచించాను. అక్కర్లేదులే. ఇద్దరు కూర్చుని ఒక స్కానరు విప్పుకుంటే అదే చాలేమో.

బాబాయి

గిలకా, నేను పిన్నిని. మోకాలు బాగాలేదు, ఈయన బాగుందని రాశాడట. పదిరోజులుగా ఈ మనిషి అన్నం ముందు కూర్చుని కేటలాగు చూస్తున్నట్టు చూస్తున్నాడు. "వెళ్లు" అని ఉత్తరం రాసిన రోజు వీధి చివరి దాకా నడిచి, ఎందుకెళ్లాడో మర్చిపోయి వెనక్కొచ్చాడు. నువ్వు ఏదో ఒకటి తేల్చు. ఇద్దరూ నన్ను చంపుతున్నారు.

*

జూలై 27

పత్రికా సంపాదకులు, చక్రవర్తి పదవి నుంచి తొలగింపబడి మళ్లీ పట్టాభిషిక్తులైన బాబాయి గారి సముఖానికి,

శనివారం మధ్యాహ్నం చెప్పా పెట్టకుండా మా నేలమాళిగ మెట్లు దిగి, చివరి వరసలో కూర్చుని, గంటసేపు "ఊఁ" అని, బస్సు వంక పెట్టి నువ్వు పారిపోయావు. నేను తీరిగ్గా మాట్లాడేలోపే కుర్చీ ఖాళీ. "ఈ పిల్లల మధ్య నాకేం పని" అనుకుని ఉంటావు, నాకు తెలుసు. కాబట్టి నువ్వు వెళ్లాక ఏమైందో రాయడం నా విధి.

నువ్వు ఉండగా, మనిద్దరం కాక తొమ్మిది మంది. నువ్వు వెళ్లాక ఇంకో ఇద్దరొచ్చారు, దారి తప్పారట. నేలమాళిగకి దారి చెప్పే బోర్డు మా లైబ్రరీలో లేదని నాకు అప్పుడే తెలిసింది. కళ్లజోడు పెద్దాయన ఒకరు నీ పక్కనే కూర్చున్నారు గుర్తుందా? ఆయన ప్రోగ్రామరు కాదు బాబాయ్! రిటైరైన లెక్కల మాస్టారు, మీ కేటలాగులో కొత్త పత్రిక ఏది కనపడినా రిజర్వు చేస్తారట. చివర్లో నా దగ్గరకొచ్చి, "అమ్మా, ఈ సంచిక బాగుంది. అచ్చుతప్పుల్లేవు. వచ్చే నెల కూడా నాకు తీసిపెట్టు" అని కార్డు చూపించి వెళ్లారు.

స్కానరక్క (ఆవిడ పేరు ఇప్పుడు ఇదే, ఒప్పుకుంది) ఒక పద్ధతి పెట్టింది. వచ్చిన ప్రతివాళ్లూ ఈ నెల తమ దగ్గర పాడైనది ఒకటి చెప్పాలి. గొప్పలు చెప్పకూడదు, పాడైనదే. ఒకతను లేచి, వాళ్ల సర్వరు చనిపోయిన పాఠకుడికి ప్రతి సోమవారం పుస్తకం తెచ్చివ్వమని సందేశం పంపుతోందని, ఎంత వెతికినా ఎందుకో దొరకడం లేదని, ఆ ఇంటావిడ ఫోను చేసి "పోనీలే బాబూ, సోమవారం ఆయన పేరు కనపడుతోంది" అందని చెప్పాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. తర్వాత ముగ్గురు కుర్చీలు జరుపుకుని అతని పక్కన కూర్చున్నారు. ఆ సందేశం ఎక్కడి నుంచి పోతోందో దొరికింది. ఆపాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. వచ్చే నెలకి వాయిదా వేశాం.

నా వంతు వచ్చింది. నా చీపురు నా సభనే ఊడ్చేసిన కథ చెప్పాను. బాబాయ్, పదకొండు మంది పొట్ట పట్టుకుని నవ్వారు! ఆ ఏడుగురిలో ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంటూ, "నన్ను వద్దన్నారనుకుని ఆ వారం అంతా ఎవరితోనూ మాట్లాడలేదండీ" అంది. ఆ అమ్మాయి పక్క కుర్చీలోకి మారాను. ఒకళ్ల ప్రోగ్రాము ఒకళ్లకి చూపించుకున్నాం. నేను ఒక చోట కోడ్ చూపించి ఊరుకున్నానో లేదో, వెనకనుంచి ఒకడు "అబ్బా!" అన్నాడు. సరైన చోట అన్నాడు! ఫ్యాను సంగతి ఎవరూ ఎత్తలేదు.

చివర్లో అందరూ అడిగింది ఒకటే. "చివరి వరసలో 'ఊఁ' అన్న ఆ పెద్దాయన ఏరీ? పత్రికగా రాయాలని తట్టింది ఎవరికండీ?" మా బాబాయికి అన్నాను. పిన్నికి అనాలి, కానీ నిన్ను వచ్చే నెల రప్పించాలిగా. నీ దగ్గర పాడైనది ఒకటి సిద్ధం చేసుకుని రా. నడుము చెల్లదు.

కంపెనీకి ఇవాళ పొద్దున్నే రాసేశాను, రావడం లేదని. కిటికీ గురించి వాళ్లని ఏమీ అనలేదు, మర్యాదగా ఉండదని. మా డైరెక్టరు గారిని మాత్రం అడిగాను. దానికి కమిటీ కావాలన్నారు. సరేనన్నాను, ఉంటాగా, ఎప్పుడో ఒకప్పుడు కూర్చుంటుంది.

ఇప్పుడే నీ రికార్డు మళ్లీ తెరిచి చూశాను. పత్రిక ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అని రాసే చోట, "జూన్ 27" అని రాసి, పక్కన చిన్న గీత గీసి, ఆ తర్వాత ఏమీ రాయకుండా వదిలేశావు. ఇంకా వెలువడుతున్న వాటికి అలాగే వదలాలని నా చిన్నప్పుడు బల్ల కింద నువ్వే చెప్పావు. "మరి ఎప్పుడు నింపుతారు బాబాయ్?" అని అడిగాను. "ఆగిపోతే నింపాలి. మనకెందుకు తొందర?" అన్నావు.

నాకూ తొందర లేదు.

పిన్ని మోకాలికి నమస్కారాలతో,
గిలక